ఉడికిన ఊలు

రెండో రోజు కూడా మెర్సీ పొయ్యి అంటించలేదు.

తెల్లవారగానే లేచి, ముఖం కడుక్కుని, ముందుగదిలో కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుంది. ఒళ్లో అట్ట, అట్ట మీద గళ్ల కాగితం, చేతిలో పెన్సిల్. క్రిస్మస్ లోపల మహబూబ్‌నగర్ దుకాణానికి చంటిపిల్లల స్వెటర్లు పంపాలి. ఈసారి కొత్త డిజైన్ కావాలన్నారు. ఖాళీగా వదిలిన గడి సీదా కుట్టు, నల్లగా నింపింది ఉల్టా కుట్టు. గడి పక్కన గడి నింపుకుంటూ పోతుంటే కాగితం మీద చింతాకు రెమ్మ ఒకటి మెల్లగా విచ్చుకుంటోంది.

వంటగదిలో ఖాళీ గిన్నెలు మోగాయి. అది అత్త సాలమ్మ పని. ఆకలైతే ఆమె ముందు గిన్నెలతో చెబుతుంది, తర్వాతే నోటితో.

"ఈ ఇంట్ల మనుషులున్నరా, అందరు సచ్చిన్రా?"

మెర్సీ ఇంకో గడి నింపింది.

సునీల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. కల్వకుర్తి మార్కెట్ యార్డులో అతనిది గుమాస్తా ఉద్యోగం. ఈ కాలంలో పత్తి లారీలు వరసకట్టి ఉంటాయి, పొద్దున్నే పోవాలి.

"జర చాయ్ అన్న పెట్టరాదు మెర్సీ?"

"బస్టాండు కాడ హోటలున్నది."

"అమ్మ పెద్దమనిషి. తెలువక తీసి ఇచ్చింది. గిట్ల ఎన్ని దినాలు..."

"తెలువకనా?" మెర్సీ తల ఎత్తింది. "ఆ పెట్టెల ఏమున్నదో మీ అమ్మకు తెలువదా?"

సునీల్ కిటికీ గట్టు మీదికి చూశాడు. అక్కడ ఆ స్వెటర్ ఉంది.

ఎనిమిదేళ్ల కింద మెర్సీ కడుపుతో ఉన్నప్పుడు అల్లింది అది. లేత జొన్నచేను రంగు. ఎదురొమ్ము మీద జొన్నకంకి, గింజ గింజకీ చిన్న బుడిపె. ఆ డిజైన్‌ని ఆమె ఇంకెవరికీ అల్లలేదు, ఎంతమంది అడిగినా అమ్మలేదు. దాన్ని తొడుక్కున్న కొడుకు పుట్టిన వారం తిరక్కుండానే పోయాడు. శవపెట్టె మూసేముందు మెర్సీ తన చేతులతోనే వాడి ఒంటి మీంచి ఆ స్వెటర్ విప్పింది. బిడ్డను మట్టికి ఇచ్చింది గానీ దాన్ని ఇవ్వలేకపోయింది. అప్పటి నుంచీ అది ఉతక్కుండా ఆమె ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఎప్పుడన్నా మధ్యాహ్నం పూట తలుపు దగ్గరికి వేసుకుని, తీసి మొహానికి ఆనించుకునేది. వాడి వాసన ఇంకా ఉందని ఆమె నమ్మకం.

పోయిన ఆదివారం మెర్సీ చర్చిలో భోజనాల వంట చూడ్డానికి ముందే వెళ్లిపోయింది. ఆ రోజు మరిది రాంచందర్ రెండో కూతురికి పాస్టరయ్య ప్రార్థన చేసి పేరు పెట్టాలి. సాలమ్మ ఆ ట్రంకుపెట్టె తెరిచి, స్వెటర్ తీసి చంటిదానికి తొడిగింది. తోటికోడలు మల్లిక బిడ్డను అలాగే చర్చికి తెచ్చింది. బిడ్డ దాని మీద పాలు కక్కితే, ఇంటికి వచ్చాక పక్కగుడ్డలతో కలిపి వేడినీళ్లలో ఉడకేసింది.

ఉడికిన ఊలు ఏమవుతుందో అదే అయింది. స్వెటర్ అరచేయంత ముడుచుకుపోయింది, అట్టలాగా బిగుసుకుపోయింది. కంకి లేదు, గింజలు లేవు. సబ్బు వాసన తప్ప ఏ వాసనా లేదు.

"రాత్రి దాన్ని తడిపి గుంజి చూసిన," అన్నాడు సునీల్ నెమ్మదిగా. "సాగుతదేమోనని. సాగలే."

మెర్సీ చేతిలో పెన్సిల్ ఆగింది. ఇంకొక్క నిమిషం అతను అలాగే నిలబడి ఉంటే ఆమె లేచి చాయ్ పెట్టేదేమో. కానీ సాలమ్మ గుమ్మంలోకి వచ్చేసింది.

"ఒక్క అంగీ కోసం ఇంటిల్లిపాదిని పస్తులుంచుతవా? నేనే తెరిచిన, నేనే తీసిన. బిడ్డ చలికి వణుకుతాంటే తీసిన. దొంగతనం చేసిన్నా? నా మనుమని అంగీ నా మనుమరాలికి తొడిగిన."

"నన్ను ఒక్క మాట అడగొద్దా అత్తా?"

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి."

"గందుకే అడగలే."

సునీల్ అప్పటికే వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నాడు. అత్తాకోడళ్ల మధ్య మాట పెరిగితే అతనికి ఎక్కడ లేని పనీ గుర్తొస్తుంది.

*

పొద్దు కొంచెం ఎక్కాక మల్లిక వచ్చింది. రాంచందర్, మల్లిక ఇంటి వెనక ఉన్న రెండు గదుల్లో ఉంటారు. రాంచందర్ పాలవ్యాను నడుపుతాడు. మల్లిక చేతిలో ప్లేటు, దాంట్లో వేడి ఉప్మా. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆత్మకూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటికి మల్లికకు జొన్నరొట్టె కూడా గుండ్రంగా చేయడం రాదు. అత్తకు ఎంత కారం కావాలో, మరిదికి పులుసు ఎంత పల్చగా ఉండాలో మెర్సీయే నేర్పింది. సూదులు పట్టడం నేర్పింది. మధ్యాహ్నాలు లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు పైకి చదివి వినిపించేది. మల్లిక బియ్యంలో రాళ్లు ఏరుతూ, పిల్లకు పాలిస్తూ వినేది. "ఆగక్కా, ఆ పేజీ మల్లొకసారి సదువు," అనేది.

"తిను అక్కా. నిన్నటి సంది పొయ్యి కాడికే పోలే నువ్వు."

మెర్సీ ప్లేటు వైపు చూడలేదు. "ఒక్కటి అడుగుత మల్లికా. అది ఎవరిదో నీకు తెలుసా, తెలువదా?"

"తెలుసు."

"నేనే చెప్పిన గదా. దాన్నెందుకు ఉతకలేదో గూడ చెప్పిన. నీకొక్కదానికే చెప్పిన. ఈయనకు గూడ చెప్పలే."

మల్లిక తల దించుకుంది. "అత్త తొడిగింది. చర్చికి టైమైతాంది. ఇప్పమంటే లొల్లి చేస్తది."

"ఉడకేసింది గూడ అత్తనేనా?"

వీధిలో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక సందు చివరికి పోయేదాకా మల్లిక కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"గుడ్డలతోని కలిపి ఏసిన. యాదికి రాలే అక్కా."

"యాదికి రాలే," అంది మెర్సీ, ఆ రెండు మాటల బరువు చూస్తున్నట్టు.

"తప్పయిందని ఎన్నిసార్లు చెప్పాలె? కాళ్లు మొక్కాల్నా?"

"మొక్కితే వాని వాసనొస్తదా?"

మల్లిక ప్లేటు కింద పెట్టేసింది. రెండు రోజులుగా అణచుకున్నది ఆమె గొంతులోకి ఎక్కింది. "నీకు కోపమొచ్చినా సరే, చెప్త. ఎన్మిదేండ్లాయె. ఇయ్యాల కాకుంటే రేపు దాన్ని పురుగులు తింటుండె. బట్ట బతికున్నోళ్ల కోసమే గదా? నా బిడ్డ ఒక్క పూట తొడుక్కుంటే నీకు గంత కడుపుమంట ఎందుకు?"

అనేశాక ఆమెకే భయం వేసింది. చెయ్యి నోటికి అడ్డం పోయింది.

మెర్సీ అరవలేదు, ఏడవలేదు. కిటికీ గట్టు మీది స్వెటర్‌ని తీసి, మడత పెట్టడానికి ఏమీ లేకపోయినా, ఒళ్లో పెట్టుకుని నిమిరింది.

"అక్కా, నేను గట్లనాలని కాదు..."

"ప్లేటు తీస్కపో. సల్లారుతాంది."

*

మల్లిక పోయాక మెర్సీ మళ్లీ పెన్సిల్ పట్టింది. విచిత్రం, ఇప్పుడు చెయ్యి ఎక్కడా తడబడలేదు. రెమ్మ పక్కన రెమ్మ, ఆకు కింద ఆకు, అంచు దగ్గర కుట్లు ఎక్కడ తగ్గించాలో ఎక్కడ కలపాలో అన్నీ తమంతట తామే కుదిరాయి. ఇన్నేళ్లలో గీసినవాటిలో ఇంత చక్కటి డిజైన్ లేదు. గీస్తున్నంతసేపూ ఆమె మనసు మాత్రం ఆ గళ్లలో లేదు.

ఆమె చేతిలో మల్లిక రహస్యం ఒకటుంది.

వానాకాలంలో ఇద్దరూ ఊలు తెస్తామని చెప్పి మహబూబ్‌నగర్ వెళ్లారు. ఊలు కొన్నారు కూడా. కానీ ముందు వెళ్లింది దవాఖానకు. మల్లిక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఒంట్లో రక్తం లేదు, మూడో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లోనేమో సాలమ్మ మనవడి కోసం ఎదురుచూస్తోంది. పోయిన మొగుడి పేరు, ఇస్రాయేలు అని, వాడికి పెట్టుకోవాలి. రాంచందర్‌కీ అదే కోరిక. మొదట వర్షిత పుట్టింది, ఇప్పుడు మళ్లీ ఆడపిల్లే. మూడోది మగపిల్లగాడేనని తల్లీకొడుకులు నిశ్చయం చేసేసుకున్నారు.

"మీ ఆయనకు చెప్పి చేయించుకో," అని మెర్సీ అంది. ఒకసారి కాదు, దవాఖాన మెట్ల మీద కూడా అంది. "ఆయనకు చెప్తే అత్తకు చెప్తడు. అత్త కానియ్యది. నేను చస్తనక్కా," అని మల్లిక ఆమెను పట్టుకుని ఏడ్చింది. ముందురోజే మెర్సీ చేత బైబిలు మీద చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది. ఇంటికొచ్చాక మల్లికకు జ్వరమని మెర్సీయే అందరికీ చెప్పింది. రెండిళ్ల వంట చేసింది, నీళ్లు మోసింది, పిల్లలిద్దరినీ చూసుకుంది.

బట్ట బతికున్నోళ్ల కోసమే గదా.

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు లోపల చల్లగా, హాయిగా ఉంది. కోపమైతే వేడిగా ఉండాలి. ఇది కోపం దాటిపోయిన తర్వాతిది.

మధ్యాహ్నం నవల తీసింది. వాళ్లిద్దరూ సగం చదివి ఆపిన డిటెక్టివ్ నవల. హత్య చేసింది లాయరేనని మల్లిక పందెం కట్టింది. మెర్సీ మిగిలిన పేజీలన్నీ ఒక్క బిగిన, పెదవి కూడా కదపకుండా చదివేసింది. తర్వాత లైబ్రరీకి నడిచి వెళ్లి పుస్తకం తిరిగి ఇచ్చేసింది. హంతకుడెవరో మల్లికకు చెప్పేవాళ్లు ఇంక లేరు. చిన్నపిల్లల పగలాంటిది అది. అయినా ఆమెకు తృప్తిగానే ఉంది.

వచ్చేటప్పుడు శ్రీశైలం రోడ్డు మీది దుకాణంలో మాంసం కొట్టించింది.

"మూలుగ బొక్కలు జర ఎక్కువెయ్యి," అని అడిగింది. మల్లికకు అవంటే ప్రాణం.

*

పొద్దు వాలుతుండగా పొయ్యి అంటుకుంది.

అల్లం ఎల్లిగడ్డ నూరిన వాసన ముందుగది దాటి, వాకిలి దాటి, వెనక గదుల దాకా పోయింది. మాంసం ఉడుకుతుంటే మెర్సీ జొన్నపిండి వేడినీళ్లతో కలిపి రొట్టెలు తట్టింది. ఒక్కో రొట్టె పెనం మీద ఉబ్బి లేచి పడుతోంది. చింతపండు పిసికి పచ్చిపులుసు చేసింది, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసింది. వండుతున్నప్పుడు ఆమె ఎప్పటిలాగే కూనిరాగం తీసింది కూడా.

"ఇగ సల్లవడ్డది," అని సాలమ్మ కొడుకుతో గుసగుసగా అనడం వినపడింది.

సునీల్ ముఖం వెలిగిపోయింది. తానే వెళ్లి తమ్ముణ్నీ మరదల్నీ పిలుచుకొచ్చాడు. అందరూ హాల్లో చాప మీద కూర్చున్నారు. పిల్లలు వెనక గదిలో నిద్రపోతున్నారు. మల్లిక భయపడుతూ వచ్చి, అత్త పక్కన ఒదిగి కూర్చుంది. మెర్సీ వడ్డిస్తూ వచ్చి, మూలుగ బొక్కలు ఏరి ఆమె కంచంలో వేసింది.

మల్లిక కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగిన మెర్సీ కొంగు అంచు పట్టుకుని, "పొద్దున నోరు జారిందక్కా," అంది, ఎవరికీ వినపడకుండా.

"తెలుసు. తిను."

అక్కడ ఆగిపోవచ్చు. ఆగిపోతే బాగుండునని ఆ క్షణంలో మెర్సీకే ఒకసారి అనిపించింది. మల్లిక చెయ్యి ఇంకా ఆమె కొంగు మీదే ఉంది. ఆ చెయ్యే వేడినీళ్లలో కర్రతో గుడ్డలు కలియబెట్టి ఉంటుంది. మెర్సీ కొంగు లాక్కుంది.

సాలమ్మ కళ్లు మూసుకుని భోజనానికి ముందు ప్రార్థన అందుకుంది. ఇంటికి శాంతి సమాధానాలు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. పెద్దకోడలి మనసు మెత్తబరిచినందుకు స్తోత్రం చెప్పింది. చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "మల్లొచ్చే క్రిస్మస్ నాటికి నా ఇస్రాయేలు పేరు పెట్టుకునేతందుకు ఒక మగపిల్లగాన్ని ఈ ఇంటికి దయచెయ్యి తండ్రీ."

"ఆమెన్," అన్నాడు రాంచందర్ అందరికంటే గట్టిగా.

"ఆమెన్," అంది మల్లిక.

మెర్సీ అనలేదు. అందరూ మొదటి ముద్ద మింగేదాకా ఆగింది. గరిటె గిన్నెలో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

"అత్తా, ఆ ప్రార్థన ఇంక బంద్ చెయ్యి."

"ఎందుకే?"

"మామ పేరు పెట్టనీకి ఈ ఇంట్ల ఇంక ఎవ్వరు పుట్టరు. మల్లిక ఆపరేషన్ చేయించుకున్నది. వానకాలంల ఊలు కోసమని మహబూబ్‌నగర్ పోయినం జూడు, గప్పుడు."

రాంచందర్ నోట్లో ముద్ద అలాగే ఉంది.

"వదినా, పరాచికాలాడుతున్నవా?"

"బొడ్డు కాడ ఉన్న గాటు సెగ్గడ్డ లేసిన మచ్చని చెప్పింది గదా నీకు?"

అతను భార్య వైపు తిరిగాడు. ఆ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఇంక అడగాల్సింది ఏమీ లేదు.

మెర్సీ ఈ క్షణాన్ని మధ్యాహ్నం నుంచీ ఊహించుకుంటోంది. ఊహించుకున్నదానికంటే బాగుంది. మల్లిక చేతిలోంచి మూలుగ బొక్క కంచంలోకి జారి పడింది. ఇప్పుడు తెలుస్తది, అనుకుంది మెర్సీ, పోయినదాన్ని తలుచుకుంటే కడుపు ఎట్ల మండుతదో.

సాలమ్మ మల్లికను చూడటం లేదు. ఆమె చూపు మెర్సీ మీదే ఉంది.

"గప్పుడు నువ్వు ఎంబడున్నవా?"

"ఉన్న."

"దవాఖాన లోపలికి తోలింది నువ్వేనా?"

"నేనే. చంటిదాన్ని ఎత్తుకొని బయట బెంచీ మీద కూసున్న." తను చెప్పేది నిజమని రుజువు చేయాలన్న ఆత్రంలో ఆమె ఇంకా చెప్పింది. "ఇంటికొచ్చినంక జ్వరమని మీకు చెప్పింది గూడ నేనే."

సాలమ్మ కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. తొందరేమీ లేదు, వేలు వేలూ కడుక్కుంది. తల ఎత్తినప్పుడు ఆమె గొంతు అరుపు కాదు, అంతకంటే ఘోరంగా నెమ్మదిగా ఉంది.

"నీ ఒడి నిండకపాయెనని, దాని ఒడి గూడ కుట్టిచ్చి పారేసినవా?"

మెర్సీకి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఇంట్లో అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి.

"నేనా? నేను వద్దన్న అత్తా! మొగనికి చెప్పి చేయించుకొమ్మన్న. నన్నెందుకు, దాన్నే అడుగు. మల్లికా, నువ్వే చెప్పు."

అందరూ మల్లిక వైపు తిరిగారు. వెనక గదిలో చంటిది లేచి ఏడుపు అందుకుంది. ఎవరూ పోలేదు. మల్లిక కంచంలో పడిన బొక్కను మెల్లగా ఒక పక్కకు జరిపింది.

"అక్కనే చెప్పింది," అంది.

"మల్లికా!"

"మూడో కాన్పయితే నీ పానం పోతదని భయపెట్టింది. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని బైబిలు మీద చెయ్యి ఏపిచ్చింది. నేను వద్దు వద్దంటనే ఉన్న."

"అబద్ధం," అంది మెర్సీ. ఒక్క మాట. అది ఎంత పేలవంగా పలికిందో ఆమె చెవులకే తెలిసింది. ఇన్ని నెలలు జ్వరమని, ఊలు అని అందరికీ నమ్మకంగా అబద్ధం చెప్పిన గొంతు అది. ఇప్పుడు నిజం చెబుతోందని ఎవరు నమ్ముతారు?

మల్లిక రొట్టె ముక్క తుంచింది. కూరలో అద్దింది. మెర్సీ కళ్లలోకి సూటిగా చూస్తూ నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

రాంచందర్ కంచం తోసేసి లేచాడు. "అన్నా, ఈ ఇంట్ల ఆమెన్న ఉండాలె, నేనన్న ఉండాలె. నువ్వే చెప్పు."

"నువ్వెందుకు పోతవురా?" అంది సాలమ్మ. "ఇది మీ నాయిన కట్టిన ఇల్లు."

సునీల్ తమ్ముణ్ని చూడలేదు, తల్లిని చూడలేదు. భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా ఆమె ఏదో ఒకటి అనగలిగేది.

"నాకన్న చెప్తివా మెర్సీ? ఒక్క మాట?"

"చెప్తే నువ్వు మీ అమ్మకు..." ఆమె పూర్తి చేయలేకపోయింది. మల్లిక తన మొగుడి గురించి ఏడుస్తూ అన్న మాటే అది.

సునీల్ తల ఊపాడు, ఇంక వినాల్సింది లేదన్నట్టు.

"బట్టలు సర్దు."

వాకిట్లోకి నడిచాడు. మెర్సీ గుమ్మం దాకా వెంట వెళ్లింది.

"నావా? మనవా?"

సునీల్ నల్లా తిప్పి ఎంగిలి చెయ్యి కడుక్కుంటున్నాడు. చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా నల్లా కట్టేయలేదు, ఇటు తిరగలేదు. నీళ్లు రాళ్ల మీద పడి పారుతూనే ఉన్నాయి.

"నిన్నే అడుగుతున్న," అంది మెర్సీ. "ఎవ్వరి బట్టలు?"